లైసెన్సు రాకముందే ‘పొందుకున్నాను’ అన్న నా నాలుకకు కలిగిన విడుదల

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన సంఘ పత్రికలో ప్రతి నెలా సాక్ష్యాలు చదివి కళ్లు తుడుచుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఒకరికి తాగుడు పోయింది, ఒకరికి కడుపులో గడ్డ కరిగింది, ఒకరికి విరిగిన కాపురం అతికింది, నా దగ్గర మాత్రం అటువంటిదేదీ లేదు. నేను సారా ముట్టలేదు, పేక ముట్టలేదు, షుగరు లేదు, బీపీ లేదు, నా రోగమంతా నోట్లో ముప్పై రెండు పళ్ల మధ్య ఉండేది, దాని పేరు నాలుక! ముప్పై రెండు కాదు, నాకున్నవి ఇరవై తొమ్మిదే. చూశారా, ఇంకా మొదలు కూడా పెట్టలేదు, అప్పుడే ఎట్లా జారిందో!

మాది జఫర్‌గఢ్. అక్కడ కొమురయ్య ఇల్లు ఎక్కడ అంటే ఎవరూ చెప్పరు, కోతల కొమురయ్య అంటే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. ఆ కోతలు వరికోతలు కావు. నా భార్య సులోచన పెళ్లయిన కొత్తలోనే నన్ను కనిపెట్టేసింది, “మా ఆయన వాన పడుతుందన్నడంటే నేను బయటికి పోయి చెయ్యి చాపి చూసొస్తా” అని బావి దగ్గర చెప్పేది. ఒకసారి భూపాలపల్లి నుంచి కాటారం పోయే బస్సులో ఏమీ తోచక, అడవిలో నాకు పులి ఎదురైందని, నేను వీపున ఉన్న, పురుగుమందు కొట్టే తైవాన్ పంపు స్టార్ట్ చేస్తే ఆ చప్పుడుకు అది చెవి మూసుకుని కూర్చుందని మొదలుపెట్టాను. కండక్టరు టికెట్లు కొట్టడం మరిచిపోయాడు, ఇద్దరు తమ స్టేజీ దాటిపోయి దిగారు, వెనక సీటులో ఒక అవ్వ మాత్రం “ఏ చెవి మూసుకుంది నాయినా, కుడిదా, ఎడమదా?” అని అడిగింది. నేను ఆలోచించకుండా “కుడిది అవ్వా” అన్నాను. అంత లోతుగా నాటుకుపోయిన రోగం అది సహోదరులారా!

నేను ప్రభువును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నప్పుడు మా సంఘ కాపరి అయ్యగారు బాగా ఆలోచించి నాకు సత్యానందం అని పేరు పెట్టారు. అందరికంటే నన్ను నీళ్లలో కాస్త ఎక్కువసేపు ముంచారని సంఘస్తులు ఇప్పటికీ చెప్పుకుంటారు, అది మాత్రం నిజం. పేరు మారింది, పాటలు వచ్చాయి, ఆదివారాలు తప్పలేదు, నాలుక మాత్రం పాత ఇంట్లోనే కాపురం ఉంది.

నా బతుకుతెరువు మందు కొట్టడం. వీపున పంపు వేసుకుని పత్తికి, వరికి, మిర్చికి ఊరూరా తిరిగి కొట్టేవాణ్ణి. నలభై ఎనిమిదో ఏట నడుము పట్టేసింది, లేచి నిలబడితే కూర్చోలేను, కూర్చుంటే లేవలేను, మందు వాసనకు రాత్రి అన్నం సహించేది కాదు. ఆ రోజుల్లోనే మా పక్క ఊరి పొలంలో డ్రోన్ చూశాను. నేను పొద్దంతా కొట్టే చెలకను అది టీ తాగినంత సేపట్లో తడిపి, వచ్చి బుద్ధిగా గట్టు మీద వాలింది, నడిపేవాడి చొక్కా మీద చెమట చుక్క కూడా లేదు! అప్పుడే అనుకున్నాను, ఇక మీదట నేను నేల మీద ఉంటాను, పంపు గాలిలో ఉంటుందని.

అయితే కిరాయికి డ్రోన్ నడపాలంటే ప్రభుత్వం ఒప్పుకున్న శిక్షణ కేంద్రంలో చదివి, పరీక్ష పాసై, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. మేమందరం దాన్ని లైసెన్సు అనే అంటాం. దానికి పదో తరగతి మార్కుల మెమో కావాలి. ఇక్కడ మొదటి చిక్కు వచ్చింది. మా అత్తగారి ఊరిలో నేను డిగ్రీ మధ్యలో ఆపేశానని ఇన్నేళ్లుగా నమ్మకం, పెట్టెలోంచి తీసిన మెమోలో చూస్తే లెక్కలు మూడోసారికి గట్టెక్కిన సంగతి అచ్చులో ఉంది. సులోచన దాన్ని చూసి నవ్వలేదు, కోప్పడలేదు, “పదైనా నిజమే గదా, సంతోషం” అని మడత పెట్టి నా చేతికిచ్చింది. శిక్షణ కేంద్రంలో సీటు దొరికింది, సోమవారం నుంచి శనివారం వరకు క్లాసులు.

ఆ సోమవారానికి ముందు ఆదివారం జరిగింది వినండి.

మా సంఘంలో ఒక మాట ఉంది, మీ సంఘంలో కూడా ఉండే ఉంటుంది. ఇంకా చేతికి రాని దాన్ని విశ్వాసంతో ‘పొందుకున్నాను’ అంటాం. పునాది కూడా తీయనివాళ్లు ఇల్లు పొందుకున్నామంటారు, సంబంధం కూడా చూడనివాళ్లు అల్లుణ్ణి పొందుకున్నామంటారు, సంఘమంతా ఆమేన్ అంటుంది, ఎవరికీ గందరగోళం ఉండదు. నేను స్తుతుల వేళ లేచింది సీటు దొరికింది, నా కోసం ప్రార్థించండి అని చెప్పడానికే. కాని అన్ని ముఖాలు నా వైపు తిరిగేసరికి నాలుకకు రెక్కలొచ్చాయి, “డ్రోన్ పైలట్ లైసెన్సు పొందుకున్నాను, దేవునికే మహిమ!” అన్నాను. ఆమేన్‌తో రేకులు అదిరాయి. అయ్యగారు కూడా ఆమేన్ అన్నారు, ఆయనకు అర్థం తెలుసు కాబట్టి.

అర్థం తెలియని మనిషి చివరి వరుసలో కూర్చుని ఉంది. మా పెద్దక్క రాజవ్వ. అక్కది మరిపెడ దగ్గర ఊరు, తన పూజలు తనవి, ఆ రోజు మమ్మల్ని చూడ్డానికి వచ్చి సులోచన మాట కాదనలేక మందిరంలో కూర్చుంది. అక్కకు పొందుకోవడమంటే పొందుకోవడమే. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“కొమురా, నా మిర్చికి ముడతొస్తున్నదిరా. కైకిలోళ్లు రేపు పంపులేసుకుని వస్తమన్నరు. నువ్వే ఉండంగ వాళ్లెందుకు? ఎప్పుడొస్తవు?”

అప్పుడైనా చెప్పొచ్చు గదా! సంఘస్తులు చుట్టూ నిలబడి ఉన్నారు, మా అక్క నన్ను మొదటిసారి గొప్పోణ్ణి చూసినట్టు చూస్తోంది. “బుధవారం పొద్దుగాల చేన్ల ఉంట” అన్నాను. అంతటితో ఆగానా? ఆగలేదు. డ్రోన్‌లో ఒక బటన్ ఉంటుందని, నొక్కితే ఎక్కడున్నా సొంతంగా ఇంటికి పోతుందని చెప్పాను. “ఇంటికంటే, జఫర్‌గఢ్‌కా?” అని అక్క నోరు తెరిచింది. “బస్సు కంటే ముందే పోతది” అన్నాను. సులోచన నా కాలు తొక్కింది గాని ఆలస్యమైపోయింది. అక్క ఆ సాయంత్రమే ఊరికి పోయి, కైకిలోళ్లను, అంటే కూలికి వచ్చేవాళ్లను, రావద్దని చెప్పేసింది.

సోమవారం శిక్షణ కేంద్రానికి పోయాను. అక్కడ గుమాస్తా నా కాగితాలు చూసి తల గోక్కున్నాడు, ఎందుకంటే ఫారంలో నేను గర్వంగా సత్యానందం అని రాశాను, మెమోలో, ఆధారులో కొమురయ్య అని ఉంది.

“ఏది నీ పేరు?”

“కాగితాల్ల కొమురయ్య సార్, బాప్తిస్మంల సత్యానందం.”

“ఇద్దరూ ఒక్కరేనా?”

“అదే ప్రయత్నంల ఉన్న సార్” అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, కొట్టేసి కొమురయ్య అని రాసుకున్నాడు.

క్లాసులో అందరూ నాకంటే చిన్నవాళ్లు. పక్క బల్ల మీద కమ్లీ అని ఒక చెల్లె కూర్చునేది, మరిపెడ పక్క తండా నుంచి వచ్చింది, ఇంటికి ఫోన్ చేస్తే లంబాడీ మాట్లాడేది, మాతో తెలుగు. వాళ్ల మహిళా సంఘానికి ఇదివరకే ఒక డ్రోన్ ఉంది, ఆమె వదిన లైసెన్సుతో నడుపుతోంది, రెండో మనిషి కావాలని ఈమెను పంపారు. ఇదంతా కమ్లీ నాకు చెప్పిందా? చెప్పడానికి నేను సందిస్తే గదా! మొదటి గంటలోనే “నేను మస్తు ఎగరేసిన, ఉత్త కాగితం కోసమే వచ్చిన” అని క్లాసంతా వినేటట్టు చెప్పుకున్నాను. అందువల్ల ఏ సందేహమొచ్చినా అడగడానికి నోరు రాదు. మ్యాపులో ఎర్ర జోను, పసుపు జోను, పచ్చ జోను అంటూ సారు చెబుతుంటే, తెలిసినవాడిలా తల ఊపుతూ కూర్చున్నాను. కంప్యూటర్ మీద ఉత్తుత్తి డ్రోన్ నడిపే పాఠంలో ఏడుసార్లు కూల్చేశాను. ప్రతిసారీ గాలి మీద నెట్టాను. గదిలో ఫ్యాను కూడా తిరగడం లేదు. కమ్లీ చూసి చూసి అంది, “అన్నా, డ్రోన్ బ్యాటరీ జర సేపట్ల అయిపోతదట, నీ నోటి బ్యాటరీ ఎన్నడు అయిపోతది?”

బుధవారం పొద్దున అక్క ఫోన్. “కొమురా, ఏడికొచ్చినవ్‌రా?”

“మబ్బులడ్డమున్నయక్కా, పైనుంచి పర్మిషన్ రాలే.”

“పైనుంచంటే, మీ యేసయ్యదా?”

“కాదక్కా, ఆఫీసుది” అన్నాను. ఆ ఒక్క మాటలో ప్రభువును కూడా సాక్షిగా ఇరికించబోయి ఆగానని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క పక్కింటివాళ్ల ఫోన్ నుంచి ఒక ఫోటో వచ్చింది. మిర్చి ఆకులు పడవల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. వెనకాల గట్టు మీద ఒక కర్ర, ఆ కర్రకు కట్టి ఉన్న అక్క ఎర్ర చీర. కింద అక్క గొంతు రికార్డు చేసి పంపారు, “తమ్మీ, నువ్వు గాలిల వస్తవు గదా, మీదికెల్లి మన చేను గుర్తుపడ్తవో లేదోనని నా చీర కట్టిన. పొద్దుగాలకెల్లి మొగులు దిక్కే చూస్తున్న. మెడ పట్టేసింది. జర జల్ది రా.”

సహోదరులారా, నేను చెప్పిన కథలకు జనం నవ్వారు, తిట్టారు, స్టేజీలు దాటిపోయారు, కాని ఒకరు తన చీర కర్రకు కట్టి ఆకాశం వైపు చూస్తూ నిలబడటం అదే మొదటిసారి! అది కౌలు చేను. అక్క ఏడాదంతా దాని మీదే. నా గొప్ప కోసం ఆ మనిషిని నమ్మించి నాలుగు రోజులుగా పురుగుకు అప్పగించాను. శిక్షణ కేంద్రం వెనక తుమ్మచెట్టు కిందికి పోయి మోకాళ్ల మీద పడ్డాను. నడుము నొప్పి కూడా గుర్తు రాలేదు.

“ప్రభువా, నేను మూడు దినాల నుంచి ఉపవాసముండి నీ సన్నిధికి వచ్చాను” అని మొదలుపెట్టాను. అప్పుడే కోడికూర వాసన నా చేతికే నాకు తగిలింది! దేవుని ముందు కూడా, మోకాళ్ల మీద కూడా! అక్కడే భోరుమన్నాను. “లేదు ప్రభువా, ఉపవాసం లేదు, ఇప్పుడే కోడికూర తిన్నాను, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. నాకు లైసెన్సు లేదు, నాకు డ్రోన్ నడపడం రాదు, పులి నాకు ఎప్పుడూ ఎదురుకాలేదు, దాని చెవుల సంగతి నాకు తెలియదు. ఎర్ర జోనులో పర్మిషన్ లేకుండా ఎగరొద్దట తండ్రీ, నా నోరంతా ఎర్ర జోను చెయ్యి. మా అక్క చేనును కాపాడు. నన్ను తర్వాత చూసుకో.” ఇరవై ఏళ్లుగా చేసిన ప్రార్థనల్లో పూర్తిగా నిజమున్నది అదొక్కటే అనుకుంటాను.

లేచి అక్కకు ఫోన్ చేశాను.

“అక్కా, నాకింకా లైసెన్సు రాలే. క్లాసులల్ల ఉన్న.”

“మరి మందిరంల అంతమంది ముంగట పొందుకున్న అన్నవు గదరా?”

“విశ్వాసంతోని పొందుకున్న అక్కా.”

“విశ్వాసంతోని పొందుకుంటే నువ్వు చెప్పుకో, పురుగుకు ఎవరు చెప్తరురా?”

ఆమె తిట్టినవన్నీ ఇక్కడ రాయలేను, ఇది సంఘ పత్రిక. చివరికి గొంతు తగ్గించి, “కైకిలోళ్లు వేరే ఊరికి ఒప్పుకున్నరు, సోమవారం దాక రారు. నన్నేం చెయ్యమంటవురా?” అంది. ఆ తగ్గిన గొంతే నన్ను చంపేసింది.

వెనక్కి తిరిగితే చేతులు కడుక్కోవడానికి వచ్చిన కమ్లీ కుళాయి దగ్గర నిలబడి అంతా వింది. “మీ అక్కది ఏ ఊరన్నా?” అని అడిగింది. చెప్పాను. “మా తండాకు పక్కనే గదా! మరి నాలుగు రోజుల సంది నా పక్కన కూసుండి, ఊరి పేరు ఒక్కసారన్నా ఎత్తితివా? పులి ముచ్చట మూడుసార్లు చెప్పినవు” అని, ఫోన్ తీసి వదినతో లంబాడీలో మాట్లాడింది. నాకు రెండు మాటలే అర్థమయ్యాయి, ఒకటి మిర్చి, రెండోది నన్నేదో అన్నది. శుక్రవారం తెల్లవారగానే వాళ్ల మహిళా సంఘం డ్రోన్ అక్క చేనులో దిగింది. ఎర్ర చీర గుర్తు పట్టి నేరుగా వచ్చామని ఆ వదిన తర్వాత చెప్పింది. చేను పూర్తిగా కాదు గాని సగానికి పైగా తేరుకుంది. నేను ఆదివారమే నిజం చెప్పి ఉంటే ఇన్ని ఆకులు ముడుచుకునేవి కావు, అది కూడా రాయాలి గనుక రాస్తున్నాను. జవాబును దేవుడు సోమవారమే నా పక్క బల్ల మీద కూర్చోబెట్టాడు, నేను మాట్లాడటం ఆపితేనే గదా వినబడేది!

శుక్రవారం పొద్దున్నే క్లాసులో లేచి నిలబడి, నేనెప్పుడూ డ్రోన్ ఎగరేయలేదని, నాలుగు రోజుల పాఠం నాకు సగం తెలియదని చెప్పాను. సారు “తెలుసు” అన్నారు. అందరికీ తెలుసట! ఆ రోజంతా సారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చెప్పారు. కమ్లీ తన నోట్సు ఇచ్చింది.

శనివారం పరీక్ష. రాత పరీక్ష దేవుని కృపతో అయిపోయింది. నోటి పరీక్షకు వచ్చిన పెద్దసారు సూటిగా ఒక ప్రశ్న వేశారు, “రిటర్న్ టు హోమ్ బటన్ నొక్కితే డ్రోన్ ఎక్కడికి పోతుంది?” నాకు అక్క ముఖం కనబడింది. “జఫర్‌గఢ్‌కు పోదు సార్” అన్నాను. ఆయన కళ్లజోడు తీశారు. “ఏ చోట నేల విడిచి లేచిందో ఆ చోటుకే తిరిగి వస్తది సార్. అది తెలియక నేను మా అక్కకు వేరే చెప్పిన” అన్నాను. ఆయన ఏదో రాసుకున్నారు.

తర్వాత మైదానంలోకి పిలిచారు. డ్రోన్ ముందు నిలబడ్డాను, రిమోట్ చేతిలో ఉంది, ఎగరేయండి అన్నారు. అప్పుడే గాలి లేచింది, గుర్తు కోసం పాతిన గుడ్డ జెండా పటపటా కొట్టుకుంటోంది. వెనక క్లాసంతా చూస్తోంది. పాత కొమురయ్య ఉంటే ఇంతకంటే పెద్ద గాలిలో ఎగరేశానని చెప్పి, దాన్ని తీసుకుపోయి తుమ్మచెట్టుకు తగిలించేవాడు. నాలుక లేవబోయింది, నిజం చెబుతున్నాను, పళ్ల దాకా వచ్చింది. “ప్రభువా, ఎర్ర జోను” అని లోపల అనుకుని, పైకి “గాలి ఎక్కువున్నది సార్, ఇప్పుడు ఎగరెయ్యొద్దు. ఎగరేసే ధైర్యం కూడా నాకు లేదు” అన్నాను. ఫెయిలయ్యానని అనుకున్నాను. పెద్దసారు గడియారం చూసుకుని, “అరగంట ఆగి చూద్దాం. వద్దు అనడం రానివాళ్లకు నేను సంతకం పెట్టను” అన్నారు. గాలి తగ్గాక లేపాను, ఎనిమిది అంకె తిప్పమంటే తిప్పాను, కాస్త వంకరగానే వచ్చింది, దింపాను. పాసయ్యాను! దేవునికే మహిమ! కమ్లీ కూడా పాసైంది, ఆమె ఎనిమిది నాకంటే గుండ్రంగా వచ్చింది.

కొన్నాళ్లకు సర్టిఫికెట్ ఫోనులోకి వచ్చింది. ఆ ఆదివారం స్తుతుల వేళ లేచాను. “పొందుకున్నాను” అన్నాను, ఎవరూ ఆమేన్ అనరే! అయ్యగారు నెమ్మదిగా అడిగారు, “విశ్వాసంతోనా సత్యానందం, కాగితంతోనా?” నేను ఫోను పైకెత్తి చూపించి, మొదటిసారి చెప్పింది అబద్ధమని, దానివల్ల మా అక్క చేనుకు జరిగింది కూడా చెప్పి క్షమాపణ అడిగాను. అప్పుడు వచ్చింది ఆమేన్! అప్పటి నుంచి మా సంఘంలో ఎవరు పొందుకున్నామన్నా వెనక నుంచి పిల్లలు “విశ్వాసమా, కాగితమా?” అని అరుస్తారు. మీ సంఘంలో కూడా పెట్టుకోండి, విశ్వాసానికి నష్టమేమీ లేదు, చివరి వరుసలో కూర్చున్నవాళ్లకు చాలా మేలు.

ఇప్పుడు కమ్లీ వాళ్ల మహిళా సంఘంతో కలిసి మందు కొడుతున్నాను. జఫర్‌గఢ్‌లో వరి, మరిపెడలో మిర్చి, మొన్న కాటారం దాకా పోయి అడవి అంచున కొట్టి వచ్చాను. లేపే ముందు మ్యాపు చూస్తాను, గాలి చూస్తాను, కుదరకపోతే రైతుకు కుదరదనే చెబుతాను. నడుము నొప్పి చాలావరకు తగ్గింది. పూర్తిగా పోయిందని రాద్దామనుకున్నాను, సులోచన ఒప్పుకోలేదు.

మొదట పోయింది అక్క చేనుకే. అక్క తన పూజలు తానే చేసుకుంటుంది, నేను ఆమెను ఏమీ అనలేదు, అనే ముఖం కూడా నాకు లేదు. డ్రోన్ చేనంతా తడిపి వచ్చాక బటన్ నొక్కాను, అది తిరిగి వచ్చి మేము నిలబడ్డ గట్టు మీదనే, లేచిన చోటనే వాలింది. అక్క దాన్ని చూసింది, నన్ను చూసింది.

“జఫర్‌గఢ్‌కు పోలేదేందిరా?”

“పోదక్కా. అబద్ధం చెప్పిన.”

“గిప్పుడు చెప్పిన మాట మీ దేవుడు నేర్పిండా?”

“అవునక్కా.”

“మంచిగ నేర్పిండు. జర ముందుగాల నేర్పితే బాగుండు” అని, అప్పటి నుంచి కర్రకే ఉన్న చీర విప్పి దులిపి భుజాన వేసుకుంది.

ఈ సాక్ష్యం చదువుతున్న సహోదరీ సహోదరులారా, మీకు తాగుడు లేకపోవచ్చు, రోగం లేకపోవచ్చు, కాని మీ నోటి మాట నమ్మి ఎక్కడో ఒక గట్టు మీద ఎవరైనా మెడ నొప్పి పుట్టేలా ఆకాశం వైపు చూస్తున్నారేమో, ఒక్కసారి ఆలోచించండి. ఉంటే ఈ రోజే మోకాళ్లూనండి, తిన్నది తిన్నట్టు, చేసింది చేసినట్టు ఆయనతో చెప్పండి, లేచి వెంటనే ఫోన్ చేయండి. పాత నాలుక ఉన్న నా మొరనే ఆయన వినగలిగితే మీ మొర వినడా!

ఇది రాసి సులోచనకు చదివి వినిపించాను. అంతా విని, ఒక్కచోట ఆపింది. ఉత్తుత్తి డ్రోన్ ఏడుసార్లు కూల్చానని పైన రాశాను గదా, నిజానికి అది పదకొండు సార్లు. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే. వందనాలు.